మదార్ బాషా అడిగిన గుడ్డ

మొన్న తిరుపతిలో చెప్పు తెగి, బస్టాండు పక్కన చెప్పులు కుట్టే అతని ముందు ఒంటికాలి మీద నిలబడ్డాను. అతను నానబెట్టిన తోలుముక్క ఒకటి తీసి, దానికి ఆముదం పట్టించి బొటనవేలితో రుద్దుతున్నాడు. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి చెప్పు సంగతి మరచిపోయాను. తడితోలూ ఆముదమూ కలిసిన వాసన నా ఎరుకలో ఇంకొక్కచోటే ఉండేది, పుత్తూరులో మదార్ బాషా కొట్లో. గాలితుపాకుల లోపల పిస్టనుకు తొడిగే తోలు వాషర్లను ఆయన కొనేవాడు కాదు. తనే కోసుకుని, ఆముదంలో నానేసుకుని, వాటిని మెత్తబరచడానికి రెండు మూడు రోజులైనా ఆగేవాడు. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పాలంటే నా వెధవపని కూడా చెప్పాలి కాబట్టి ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన అసలు వృత్తి కుట్టుమిషన్ల రిపేరు. సందులోకి వంగి వెళ్ళాల్సిన చిన్న కొట్టు. ముందర ఒక బల్ల. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు కదా, చేతికో కాలికో కట్టుతో వచ్చినవాళ్ళు నీడకోసం ఆ బల్లమీద కూర్చునేవాళ్ళు. వాళ్ళెవరో ఆయనకు తెలియదు. అయినా టీ తెప్పించేవాడు, ఎట్లా పడ్డారో అడిగేవాడు, చివరంటా వినేవాడు. ఎడమ చెవికి కాస్త చెముడు. అందుకని ఎవరు మాట్లాడినా తల కొంచెం పక్కకు తిప్పి కుడిచెవి ముందుకు పెట్టేవాడు. కొత్తవాళ్ళకు అది గర్వంలాగా కనిపించేది. నాకూ మొదట అట్లాగే కనిపించి ఒళ్ళు మండింది.

నాకు వడమాలపేట దగ్గర నాటుకోళ్ళ షెడ్డు ఉంది. పెట్టిన మొదటి ఏడాదే ఎలుకలు నా దుంప తెంచాయి. దాణా మూటలకు చిల్లులు, గుడ్లు మాయం, వారంలోపు కోడిపిల్లలనైతే మెడ పట్టుకుని ఈడ్చుకుపోయేవి. మందు పెడదామంటే చచ్చిన ఎలుకను కోళ్ళు పొడుస్తాయి. బోను పెడితే నాలుగురోజులు పడ్డాయి, ఆ తర్వాత దాన్ని చూసి పక్కకు తిరిగి వెళ్ళడం నేర్చుకున్నాయి. ఇట్లాగే ఇంకో రెండు నెలలైతే షెడ్డు మూసుకోవాల్సిందే అనుకుంటున్నప్పుడు మా నాయన అటకమీదనుంచి తన గాలితుపాకి దింపి ఇచ్చాడు. తోలు ఎండిపోయి అది తుస్సుమంటోంది. బాగుచేసేది మదార్ బాషా ఒక్కడే అన్నారు. దాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను.

ఆయన తుపాకిని చేతిలోకి తీసుకోకుండానే అడిగాడు. "ఏం కొట్టాల పాపా దీంతో?"

"ఎలకల్ని."

"ఉడతలు, చిలకలు, కుందేళ్ళు అంటే మాత్రం ఇప్పుడే ఎత్తకపో. వాటి జోలికి పోతే చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఎంత దూరంలో కొడతావు?"

"దాణా గదిలో. పది పన్నెండు అంగలుంటాది."

"తప్పితే గుండు యాడికి పోతాది?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "తప్పదులే, నాకు గురి బాగానే ఉండాది" అన్నాను.

"తప్పదని సెప్పేవాళ్ళ తుపాకి నేను ముట్టుకోను" అని ఆయన మళ్ళీ కుట్టుమిషను మీదికి వంగాడు. బల్లమీద కాలికట్టుతో కూర్చున్న పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కానీ కళ్ళముందు దాణా మూటలు మెదిలి, రోషం మింగుకుని చెప్పాను. "తప్పితే గోడకు తగులుతాది. మామిడికాయల పెట్టెల పలకలతో కొట్టిన గోడ."

"గోడకు అవతల ఎవురుంటారు?"

"కోళ్ళు గుడ్లు పెట్టే అరలుండాయి. మా దగ్గర పనిజేసే మునెమ్మ గుడ్లేరతా ఉంటాది."

అప్పుడు తల పక్కకు తిప్పి, నన్ను సరిగ్గా చూశాడు. "అట్లయితే ఆ గోడలో పలక ఒకటి పీక్కొని రా. ఆ మునెమ్మ కట్టి ఇడ్సిన గుడ్డ ఒకటి అడిగి తీసుకురా" అన్నాడు.

అదీ ఆయన పద్ధతి. ఎవరు తుపాకి తెచ్చినా ఇదే. గుండు తప్పితే దేనికి తగులుతుందో ఆ వస్తువు ముక్క తేవాలి. దాని వెనక ఎవరు తిరుగుతారో వాళ్ళు ఒంటిమీద వేసుకున్న గుడ్డ తేవాలి. పెరటి సందులో పలకను నిలబెట్టి, జానెడు వెనక ఆ గుడ్డను దండెం మీద ఆరేసేవాడు. మనం చెప్పినన్ని అంగలు కొలిచి, అక్కడినుంచి కాల్చేవాడు. తుపాకి లోపల స్ప్రింగు వెనక కొన్ని ఉక్కుబిళ్ళలుంటాయి. అవి ఎన్ని ఉంటే స్ప్రింగు అంత బిగువుగా ఉంటుంది, గుండు అంత జోరుగా పోతుంది. ఆయన ఒక్కో బిళ్ళా తీసేస్తూ, చాలకపోతే స్ప్రింగే మారుస్తూ, గుండు పలకలో ఆగిపోయేదాకా బలం తగ్గించుకుంటూ వచ్చేవాడు. ఆగిన తర్వాత ఇంకా తగ్గించేవాడు కాదు. "బలం సాలకపోతే ఎలక గాయంతో పోయి యాడో మూల్లో మూడు దినాలు కిందామీదా పడి సస్తాది. ఎక్కువైతే గోడ దాటిపోతాది. ఈ రెంటికీ నడాన ఒక తావు ఉండాది పాపా. దాన్ని ఎతకడమే నా పని" అనేవాడు.

పలక తీసుకుని వెళ్ళాను. గుడ్డ మాత్రం మునెమ్మను అడగలేదు. ఏమని అడగను? 'నీ గుడ్డ ఇయ్యి, తుపాకితో కాల్చి చూస్తాం' అంటే ఆమె ఏమనుకుంటుంది? పైగా ఇదంతా ముసలాయన చాదస్తం అనిపించింది. ఇంట్లో స్కూటరు తుడిచే గుడ్డ ఒకటి చేతికి దొరికితే మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. ఆయన దాన్ని విప్పి, ఒకసారి ముక్కుదగ్గర పెట్టుకుని, "ఎవురిది?" అన్నాడు. "మునెమ్మది" అన్నాను. ఆయన దాన్ని దండెం మీద వేశాడు. గుండు పలకలోనే ఆగింది. తుపాకితోపాటు ముందుభాగం చదునుగా ఉండే గుండ్ల డబ్బా ఒకటి ఇచ్చి, మొన ఉన్నవి వాడొద్దని, పన్నెండు అంగలు దాటితే గురి పెట్టొద్దని రెండుసార్లు చెప్పి పంపించాడు.

నిజం చెప్పాలంటే ఆ తుపాకి బాగా పనిచేసింది. సాయంత్రం నాలుగున్నరకు తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. చిన్నగా టప్పుమనేది, ఎలుక అక్కడికక్కడే పడేది. నెలలో దాణా గది కుదుటపడింది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను. ఒకరోజు షెడ్డు బయట కంచె వెంబడి పెద్ద పందికొక్కు పోతుంటే ఇరవై అంగల దూరంనుంచి కాల్చాను. గుండు తగిలింది, నా కళ్ళారా చూశాను. అది ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుని తన దారిన తను పోయింది. పక్క షెడ్డాయన చూసి, "ఏమ్మా, గుండేసినావా, బియ్యం గింజేసినావా" అని నవ్వాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. దూరం దాటి కాల్చింది నేను అన్న ఊసే మనసులోకి రానివ్వలేదు. ఆడమనిషిని కదా, ఆ ముసలాయన నాకు బొమ్మతుపాకి చేసి పంపించాడనుకున్నాను. మగవాడు వెళ్ళి ఉంటే ఇట్లా చేసేవాడా అని ఆ రాత్రంతా కుతకుతలాడిపోయాను.

మరుసటివారం తుపాకిని తిరుపతి తీసుకెళ్ళాను. అక్కడ ఒక మెకానిక్ ఏ ప్రశ్నా అడగలేదు. లావుపాటి స్ప్రింగు వేసి, వెనక రెండు బిళ్ళలు ఎక్కించి, మొన ఉన్న గుండ్ల డబ్బా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఖాళీ నూనె డబ్బాను కాలిస్తే ఇటునుంచి అటు దూసుకుపోయింది. ఆ రెండు చిల్లుల్లోంచి వెలుతురు చూసి ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాలుగోరోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, పలకగోడ పక్కన మూటమీదికి ఎలుక ఎక్కింది. కాల్చాను. ఎలుక తప్పించుకుంది. గోడ అవతలనుంచి "అమ్మో" అని ఒక్క కేక వినిపించింది.

వెళ్ళి చూస్తే మునెమ్మ నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ పగిలిన గుడ్లు. ఎడమకన్ను కింద చెంప ఎముకమీద కొంగు అదిమిపెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు చర్మం కిందనుంచి గుండు తీసి చేతిలో పెట్టి, "వేలెడు పైకి తగిలి ఉంటే కన్ను పోయేది" అన్నాడు. మంచం మీద పడుకుని మునెమ్మ నన్నే ఓదార్చింది. "ఆ పాడెలక దుమికింటాది, మీరేం జేస్తారు అమ్మణ్ణీ. నా తలరాత" అంది. స్ప్రింగు మార్పించిన సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని తల ఊపాను. ఆసుపత్రి ఖర్చులన్నీ పెట్టుకున్నాను, ఇంటికి సరుకులు పంపించాను, చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

రెండువారాలు గుడ్లు నేనే ఏరాను. ఆమె రోజూ వంగే చోట వంగితే, పలకలో ఆ చిల్లు సరిగ్గా నా చెంప ఎత్తున కనిపించేది. పదిహేనోరోజు తుపాకిని దుప్పట్లో చుట్టుకుని పుత్తూరు వెళ్ళాను. బలం మళ్ళీ తగ్గించమన్నాను. ఆయన విప్పాడు. లావు స్ప్రింగు చూశాడు, బిళ్ళలు చూశాడు. నావైపు చూసి, "ఎవురికి తగిలినాది?" అన్నాడు. తగిలిందా అని కూడా అడగలేదు.

నేను మొత్తం చెప్పి, ఏడ్చేశాను. స్కూటరు గుడ్డ సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి, మెల్లగా అన్నాడు. "ఆ గుడ్డ ఆయమ్మది కాదని ఆ పొద్దే తెలుసు పాపా. పెట్రోలు వాసన వచ్చినాది. ఎనక్కి పంపించాల్సింది, మొగమాటపడినా. దీంట్లో నాకూ పాలుండాది."

ఆ మాట నా మీద ఎంత పనిచేసిందో చెప్పలేను. తప్పంతా నాది. ఆయన అందులో వాటా అడిగి తీసుకుంటున్నాడు. అప్పుడే ఈ గుడ్డ ఆనవాయితీ ఎట్లా మొదలైందో కూడా చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఎవరో మామిడితోపులో గబ్బిలాలకని అడిగితే గట్టి స్ప్రింగు వేసిచ్చాడట. తోపు అవతల పొలంలో దున్నుతున్న ఎద్దుకు కన్ను పోయిందట. "ఎద్దు కాబట్టి నన్నెవురూ అడగలే. మనిషైతే అడిగుండేవాళ్ళు. ఆ గొడ్డు మొగం సూడ్లేక శానా దినాలు ఆ దోవన పోలేదు" అన్నాడు. తర్వాత తుపాకిని విప్పినది విప్పినట్టే ఒక పళ్ళెంలో పెట్టి పక్కకు జరిపాడు. "బలం తగ్గించేది నా పని, సేస్తా. నువ్వు పోయి ఆయమ్మ గుడ్డ తీసుకురా. ఈతూరి ఆయమ్మదే" అన్నాడు.

గుడ్డ అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మునెమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె పొయ్యిముందు కూర్చుని ఊదుతోంది. చెంపమీద కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నిలబడే చెప్పాను. ఎలుక దుమకలేదని, తుపాకిని నేనే జోరు పెంచి తెచ్చానని, ముందున్నట్టే ఉంచితే గుండు గోడలోనే ఆగిపోయేదని, ఆమె గుడ్డ అడగకుండా నా ఇంట్లో గుడ్డ ఆమెదని బాషాకు చెప్పానని, ఈసారి పలక వెనక ఆరేసి కాల్చి చూడడానికి ఆమె గుడ్డే కావాలని. చెబుతున్నంతసేపూ ఆమె ఊదుగొట్టం చేతిలోనే పట్టుకుని ఉంది. పొయ్యి ఆరిపోయింది.

"ఆస్పత్రిలో ఏంటికి సెప్పలే?" అంది చివరికి.

"బయమేసినాది. నువ్వు మళ్ళీ రావని" అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. తలుపు వేసుకుంటుందేమో, పొమ్మంటుందేమో అనుకున్నాను. పెట్టె తెరిచిన చప్పుడైంది. బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో మడత కూడా విప్పని నేతచీర ఉంది. ఆకుపచ్చది, ఎర్ర అంచు. కూతురు తన మొదటి జీతంతో కొనిచ్చిందని నాకు ఎన్నోసార్లు చెప్పిన చీర. ఒక్కసారి కూడా కట్టలేదు.

"ఇది ఎందుకు మునెమ్మా, పాతది సాలు" అన్నాను.

"పాతదైతే బొక్క పడినా పోనీలే అనుకుంటారు. దీన్ని దండెం మీదేసి కాల్చండి" అంది. చీర నా చేతికి మాత్రం ఇవ్వలేదు. "నేనూ వస్తా. నా కళ్ళతో సూడాల" అంది.

మరునాడు ఇద్దరం పుత్తూరు వెళ్ళాం. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం, చీరను ఆమె తన ఒళ్ళోనే పెట్టుకుంది. బాషా ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. చెంపవైపు ఒకసారి చూసి, బల్లమీద ఉన్నవాళ్ళను జరగమని ఆమెను కూర్చోబెట్టాడు. చీర చూసి, "తల్లీ, ఇది కొత్త కోక. నా దినాల్లో ఎవురూ కొత్తది తేలే" అన్నాడు. ఆమె నాతో అన్నమాటే ఆయనతోనూ అంది. ఆయన కుడిచెవి ముందుకు పెట్టి మొత్తం విన్నాడు. "సరే. దీనికి బొక్క పడితే నేను మళ్ళా తుపాకి ముట్టుకోను" అన్నాడు.

మధ్యాహ్నం దాకా పనిచేశాడు. లావు స్ప్రింగు తీసి పారేశాడు, కొత్త తోలు వాషరు వేశాడు, ముందు ఉత్త పలకమీద మళ్ళీమళ్ళీ కాల్చి చూసుకున్నాడు. పలకలో గుండు సగం లోతున ఆగింది. ఎప్పుడైనా అక్కడితో ఆపేసేవాడు, ఆరోజు మాత్రం తృప్తి కలగక ఇంకో బిళ్ళ తీశాడు. అప్పుడు సందులో చీర ఆరేశాడు. తుపాకి నా చేతికిచ్చి, "కాల్చేది నువ్వు పాపా. ఆ గదిలో కూసుండేది నువ్వే కదా" అన్నాడు. పలక వెనక ఆ ఎర్ర అంచు గాలికి కదులుతోంది. మునెమ్మ గోడకానుకుని, చూపు తిప్పకుండా నిలబడింది. ఐదుసార్లు కాల్చాను.

మునెమ్మ వెళ్ళి చీర తీసింది. సందు చివర ఎండలోకి పట్టుకెళ్ళి, ఈ కొసనుంచి ఆ కొసదాకా జానెడు జానెడుగా వేళ్ళతో తడుముతూ చూసింది. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. చూడడం అయిపోయాక చీరను మొదటి మడతల మీదే మడిచి చంకలో పెట్టుకుంది. బాషాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నావైపు తిరిగి, "రేపట్నించి పనికి వస్తా" అంది.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు బాషా బతికే ఉన్నాడు. పుత్తూరు వెళ్ళినప్పుడల్లా ఆ బల్లమీద కూర్చునేదాన్ని, తుపాకి పని ఉన్నా లేకపోయినా. "మునెమ్మ బాగుండాదా?" అని అడిగాకే నా బాగోగులు అడిగేవాడు. ఆ ఎద్దును ఆయన మరవలేదు. నా తప్పును నేను మరవకుండా చేశాడు, అదీ ఒక్క గట్టిమాట అనకుండా. నన్ను కన్న నాయన తర్వాత నన్ను మనిషిని చేసింది ఆయనే అంటే అబద్ధం కాదు.

ఇప్పటికీ సాయంత్రాలు దాణా గదిలో కూర్చుంటాను. ఎలుక ఎంత దగ్గరగా వచ్చి కూర్చున్నా ముందు గట్టిగా పిలుస్తాను. "మునెమ్మా, యాడుండావు?" ఆ కేకకు సగంసార్లు ఎలుక పారిపోతుంది. పోతే పోనీ. "మీ ఎనకే ఉండాను అమ్మణ్ణీ, కాల్చుకోండి" అని వాకిట్లోంచి ఆమె గొంతు వినిపించేదాకా నా వేలు తుపాకి మీదికి పోదు.